సేనాధిపతికి పెన్సిల్ తిట్లు

పంపుహౌస్ క్వార్టర్స్, వెనక వరండా
మాట్లాడని ఆరో రోజు

ఏమే పిచ్చుకా,

ముందే చెప్తున్నా, ఇది ఉత్తరం కాదు, ఆర్డరు. చదవగానే "అయ్యో వదినా, నావల్ల కాదు" అంటూ ఫోన్ చేయకు. చేసినా ఎత్తి నేనేం మాట్లాడను? డాక్టరుగారు గొంతులో కాయ తీసేసి, ఆరు వారాలు పెదవి విప్పొద్దన్నారు. గుసగుసలు కూడా పనికిరావట. అవి అరుపుల కంటే చెడ్డవట. మీ అన్నయ్య సంబరం చూసి తీరాలి. మెడలో పలక తగిలించుకుని తిరుగుతుంటే, "పెళ్ళైన ఇరవై రెండేళ్ళకి ఈ పంపుల చప్పుడు నా చెవిన పడింది" అంటాడు. పలక మీద నాలుగు ముక్కలు రాసి చూపించాను. ఏం రాశానో నీకు చెప్పనులే, ఎంతైనా నీ తోడబుట్టినవాడు.

ఫోన్లో టైపు కొట్టొచ్చు కదా అంటావు. నా కోపం ఆ చిన్న డబ్బాలో పట్టదే. ఎలాగూ పుస్తకం పార్సిల్ చేస్తున్నాను కాబట్టి అందులోనే ఈ కాగితాలు పెడుతున్నాను.

విషయానికొస్తా. మీ ల్యాబు వెనక వీధిలో, చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీలో పదకొండేళ్ళుగా, నెలకో రెండుసార్లు బస్సెక్కి వచ్చి మరీ, చదువుతున్నానని నీకు తెలుసు. శనివారం శనివారం ఓ కొత్త అధ్యాయం పెడతారు. వినేవాళ్ళు ఫోన్ నంబరు తిప్పి వింటారు. అయిపోయాక 'కుయ్' మంటుంది, ఏమన్నా చెప్పాలనుకుంటే చెప్పి పెట్టేస్తారు. ఇప్పుడు నడుస్తున్నది "నూరు మెట్ల కోట". మొత్తం ఏడు భాగాలు, ఆరోది సగంలో ఉంది. గడియారాలు బాగుచేసే పిల్ల తొంభై తొమ్మిదో మెట్టు మీద నిలబడింది. మూడొందల ఏళ్ళ కిందట చచ్చిపోయి, పొగమంచులో మాత్రమే కనబడే సేనాధిపతి నూరో మెట్టు మీద నిలబడి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుందా, దీని గుండె ఆగిపోతుంది. అతనిలాగే అయిపోయి, అతని పక్కనే కలకాలం ఉండిపోతుంది. పట్టుకోలేదా, అతను ఇంక కనబడడు. సరిగ్గా అక్కడ, ఆ మెట్టు మీద, నా గొంతు పోయింది! నాతోపాటు నూట యాభై మంది శ్రోతలు ఆ మెట్టు మీదే నిలబడిపోయి ఉన్నారు. కాళ్ళు పీకవూ వాళ్ళకి?

నువ్వెళ్ళి మిగతాది చదవాలి. కాదంటే ఊరుకోను. చిన్నప్పటి నుంచి వాగుడుకాయవే, ఆ వాగుడు ఒకందుకు ఉపయోగపడనీ.

చదివే పద్ధతి చెప్తా విను. చిన్న నిలువు గీత ఉన్నచోట ఊపిరి తీసుకో. పుస్తకంలో బొమ్మలు, కోట పటాలు ఉంటాయి. వినేవాళ్ళకి అవి కనపడవు కాబట్టి, ఆ బొమ్మలో ఏముందో మనమే రాసుకుని చదవాలి. అంచుల్లో పెన్సిల్‌తో రాసిపెట్టాను. ఒక్కటి కూడా వదలకు.

నీ
వదిన

.

దంతాల ల్యాబు, కిటికీ పక్క బల్ల
మంగళవారం, భోజనాల వేళ

వదినా,

నావల్ల కాదు! (ఫోన్ చేయొద్దన్నావు, రాయొద్దనలేదు కదా.)

పగలంతా కట్టుడు పళ్ళు అరగదీసి, సాయంత్రం వెళ్ళి దెయ్యాల ప్రేమకథ చదవాలా? నాకూ వయసు నలభై దాటింది. నేను నీ పార్సిల్ విప్పుతుంటే మా ల్యాబులో పాలిష్ పెట్టే అక్క వచ్చి, అట్ట మీద ఆ పొడుగు జుట్టు సేనాధిపతిని చూసి, "ఎవరండీ ఈయన, మీ సంబంధమా?" అంది. సిగ్గుతో చచ్చాను.

అయినా వదినా, ఇంత చదువుకున్నదానివి, ఇవెలా చదువుతావు? నువ్వు ఆమధ్య ఇచ్చిన "నల్లగొడుగు దొరలు" మొదటి భాగం పది పేజీలు చదివి పక్కన పడేశాను. రక్తం తాగే దొరలు సరే, ఎండ పడకుండా గొడుగులేసుకుని తిరగడమూ సరే. కానీ ఆ కోరలు! రెండంగుళాల పైకోరలు పెట్టుకుని ఆ దొర ప్రియురాలి చెవిలో అంత తియ్యగా ఎలా మాట్లాడతాడమ్మా? పంతొమ్మిదేళ్ళుగా పళ్ళు చేస్తున్నాను, నన్నడుగు. అంత పొడుగు కోర ఉంటే నోరు మూతపడదు. మూసినా పొద్దున లేచేసరికి కింది పెదవికి చిల్లు పడుతుంది. 'స' అనాల్సిన చోటల్లా ఈల వస్తుంది. "సుందరీ" అంటే కుక్కర్ కూసినట్టుంటుంది. ముద్దు సంగతి ఇక నేను మాట్లాడను.

సరేలే. ఆ నూట యాభై మంది మెట్ల మీద నిలబడ్డారన్నావే, ఆ ఒక్క మాటకి కరిగాను. నిన్న లైబ్రరీకి వెళ్ళొచ్చాను. గది చిన్నది, గోడలకి చాపలు, ఒక మైకు. లైబ్రేరియన్ గారు అద్దం అవతల కూర్చుని మిషన్లో సూది ఊగుతోందా లేదా చూస్తారంతే. నా గొంతు విని, "కొంచెం వేగం తగ్గించండమ్మా, వాళ్ళకి చూపు లేదు గానీ తొందర కూడా లేదు" అన్నారు. ఎల్లుండి మొదలుపెడతాను. ఏదన్నా తప్పు జరిగితే పూచీ నీదే.

నీ
ఆడపడుచు

.

పంపుహౌస్ క్వార్టర్స్, వెనక వరండా
మాట్లాడని పదమూడో రోజు

పిచ్చుకా, బంగారుకొండా,

ఒప్పుకున్నావు! మీ అన్నయ్యకి నీ ఉత్తరం చూపించి గంతులేశాను. మాటల్లేకుండా గంతులేస్తే మనిషి ఎంత పిచ్చిదానిలా కనిపిస్తుందో అతని మొహం చూస్తే తెలిసింది.

కోరల గురించి రాసింది చదివి పొట్ట పట్టుకున్నాను. నవ్వకూడదు కదా, కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. నీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. "నల్లగొడుగు దొరలు" నాలుగో భాగం దగ్గరే పాడైపోయింది. మొదట్లో ఒక్క దొర, ఒక్క పిల్ల, ఒక్క గొడుగు. బాగుంది. పోనుపోను ప్రతి భాగంలో ఇంకో దొర. చివరికి ఎవడి గొడుగు ఎవడిదో నాకే తెలియలేదు. "వెన్నెల గోళ్ళు" ఇంకా అన్యాయం. పౌర్ణమి వచ్చినప్పుడల్లా తోడేలుగా మారి చొక్కా చింపుకుంటాడు. తొమ్మిది భాగాల్లో ఎన్ని చొక్కాలో లెక్కేశావా? ఒక్కసారన్నా ముందే విప్పి దండెం మీద వేసుకోవచ్చు కదా, వచ్చే వారం పౌర్ణమి అని క్యాలెండర్లో ఉంటుంది కదా!

ఇవెలా చదువుతావు అని అడిగావు కాబట్టి చెప్తాను. మామూలు కథల్లో ఇద్దరు కలవడానికి అడ్డం ఏముంటుంది? వాళ్ళ నాన్న ఒప్పుకోడు, వీళ్ళ అమ్మ ఒప్పుకోదు. వీటిల్లో అడ్డం చావే. ఒకరు బతికున్నారు, ఇంకొకరు లేరు. ఇప్పుడు చెప్పండ్రా చూద్దాం అని కూర్చుంటాను. ఆ రచయిత్రి దారి కనిపెడుతుందా, లేక మంత్రం వేసి తప్పించుకుంటుందా అని ప్రతి భాగంలోనూ గుండె చేత్తో పట్టుకుని చదువుతాను. "నూరు మెట్ల కోట"లో ఇంతవరకు మంత్రం వేయలేదు. అందుకే నాకు దాని మీద ప్రాణం.

ఒక్కటే కోపం. ఎప్పుడూ పిల్లే ఎందుకెక్కాలి? వాడు మూడొందల ఏళ్ళు పైన నిలబడి చెయ్యి చాస్తాడు గానీ ఒక్క మెట్టు కిందికి దిగడేం? రెండో భాగంలో ముసలి పనిమనిషి చెప్పింది కదా, దిగితే మళ్ళీ మామూలు మనిషై బతుకుతాడట. కాకపోతే ఆ అందం, ఆ గంభీరమైన గొంతు, ఆ ఠీవి, అన్నీ కోటలోనే ఉండిపోతాయట. అందుకని దిగడు. సోకు పోతుందని. మగవాడు!

నువ్వెలా చదివావో వెంటనే రాయి.

నీ
వదిన

.

దంతాల ల్యాబు, కిటికీ పక్క బల్ల
శుక్రవారం, సాయంత్రం ఐదు

వదినా వదినా వదినా,

చదివేశాను! నాలుగు అధ్యాయాలు అయిపోయాయి, ఆగిన వారానిది కూడా కలిపి రెండు ఇప్పటికే శ్రోతలకి వెళ్ళిపోయాయి. నాకేమైందో నాకే తెలీదు. మొదటిరోజు గడగడా చదివి పారేద్దామని వెళ్ళాను. ఆ పిల్ల తొంభై తొమ్మిదో మెట్టు మీద జేబులోంచి గడియారం తీసి, "మీకు మూడొందల ఏళ్ళు, నాకు ఈ సాయంత్రం" అంటుంది చూడు, అక్కడ ఆగి నీళ్ళు తాగాల్సొచ్చింది. లైబ్రేరియన్ గారు అద్దం కొట్టి, "ఏమైందమ్మా?" అన్నారు. "దుమ్మండీ" అన్నాను.

ఇప్పుడు మొదటి భాగం నుంచి అన్నీ తెచ్చుకుని చదువుతున్నాను. సిటీ బస్సులో చదువుతున్నాను, ల్యాబులో ప్లాస్టర్ ఆరేలోపు చదువుతున్నాను. పాలిష్ అక్కకి రెండో భాగం ఇచ్చాను. ఆవిడ ఆ పొడుగు జుట్టు మనిషి గురించి ఇప్పుడు ఒక్క మాట అననివ్వడం లేదు.

ఒక ఘోరం కూడా జరిగింది. ఒక పెద్దాయనకి పూర్తి పళ్ళ సెట్టు చేస్తూ, మనసు కోటలో పెట్టుకుని, పైకోరలు రెండూ ఓ రెండు మిల్లీమీటర్లు పొడుగు పెట్టేశాను. పెట్టుకుని చూశాడు. అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి, భార్యని పిలిచాడు. ఆవిడ చూసి, "బాగున్నారండీ, పడుచుతనం వచ్చింది" అంది. తగ్గిస్తానన్నా ఒప్పుకోలేదు, అలాగే వేసుకుని వెళ్ళిపోయారు. నువ్వు నన్ను చెడగొట్టావు వదినా.

ఇంకో మాట. ఆ రచయిత్రి నాకు భలే నచ్చింది. బొమ్మల వర్ణనలు నువ్వు రాసినవి బాగున్నాయి గానీ, మధ్యమధ్యలో ఆవిడ కథ ఆపి సేనాధిపతిని తిడుతుంది చూడు, అబ్బ! "ఒరేయ్ సచ్చినోడా, అంత ప్రేముంటే నువ్వే దిగు, దాని ప్రాణం మీదికెందుకు తెస్తావు" అని ఎంత ధైర్యంగా రాసింది! "ఈ పేజీలో ఆరుసార్లు నిట్టూర్చాడు, ఆస్తమా ఉందేమో" అన్నచోట నాకు నవ్వాగలేదు. అచ్చులో చోటు చాలక కాబోలు, నువ్వే ఆ ముక్కలన్నీ అంచుల్లో పెన్సిల్‌తో ఎక్కించి పెట్టావు. ఒక్కటీ వదలకుండా, ఎక్కడ కోపం ఉందో అక్కడ కోపంగా చదివాను.

నీ
ఆడపడుచు

.

పంపుహౌస్
ఇరవయ్యో రోజు

ఓసి నీ!

రచయిత్రి ఎక్కడ తిట్టిందే? పుస్తకంలో ఎక్కడా తిట్టలేదు! అవన్నీ నావి! నా సొంతానికి, నా కడుపుమంట చల్లారడానికి, నేను రాసుకున్నవి! బొమ్మల వర్ణన చదవమంటే నా రాతలన్నీ మైకులో చదివేశావా?

పదకొండేళ్ళలో నేను ఒక్క మాట సొంతంగా కలపలేదు. చదివేవాళ్ళ అభిప్రాయం గొంతులోకి కూడా రాకూడదని గది తలుపు మీద రాసి ఉంటుంది, చూడలేదా? ఇప్పటికి ఎన్ని వెళ్ళాయి? పదిహేనో అధ్యాయం వెళ్ళిందా? పదిహేనులో ముద్దు దగ్గర నేను రాసింది... వద్దు, చెప్పకు. వెంటనే ఆపించు. ఇప్పుడే వెళ్ళు. ఈ ఉత్తరం చదవడం ఆపి వెళ్ళు.

.

దంతాల ల్యాబు
సోమవారం

వదినా,

పదిహేను కూడా వెళ్ళిపోయింది.

నన్ను చంపేయాలనుంటే వచ్చి చంపెయ్, కానీ ముందు ఇది పూర్తిగా చదువు. నీ ఉత్తరం అందగానే చేతిలో ఉన్న పళ్ళ సెట్టు బల్ల మీద పడేసి పరుగెత్తాను. లైబ్రేరియన్ గారు అప్పటికే తల పట్టుకుని కూర్చున్నారు. ఫోన్లో వచ్చిన సందేశాలు వింటున్నారు. మామూలుగా అధ్యాయానికి నాలుగో ఐదో వస్తాయట. ఈసారి నలభై ఒకటి.

నేను ఏడుపుమొహం పెట్టి, "తప్పైపోయిందండీ, తీసేయండి" అన్నాను. ఆయన మీట నొక్కారు. విన్నాను. ఒక మాస్టారు, "ఎవరో మా మనసులో మాట చెప్తున్నారు, ఎవరది?" అన్నారు. ఒకమ్మాయి నవ్వుతూనే ఉంది, ఒక్క మాట లేదు, అర నిమిషం నవ్వి పెట్టేసింది. ఒకాయన మాత్రం సేనాధిపతి పక్షాన గట్టిగా పోట్లాడాడు, "నిట్టూర్పులు లెక్కపెట్టడం కూడా ఒక పనేనా" అని.

అన్నిటికంటే చివరిది ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసే ఆవిడది. నీకు తెలిసే ఉంటుంది, ప్రతి శనివారం మొదటి ఫోన్ ఆవిడదేనట. ఆవిడ అన్నది ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకొచ్చాను, చదువు: "ఈ తిట్లు పుస్తకంలోవి కావండీ. ఇవి మా పాత చదువరి అమ్మగారివి. ఇలాంటి చోట్ల ఆవిడ గొంతులో ఏదో ఆపుకుంటూ ఉండేవారు. కోపమో నవ్వో తెలిసేది కాదు. పదకొండేళ్ళుగా ఏం మింగుతున్నారా అనుకుంటున్నాను. ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఎక్కడున్నారు? కులాసానా? సేనాధిపతి గురించి ఆవిడతో నాకు చాలా పోట్లాట ఉంది."

వదినా, నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. లైబ్రేరియన్ గారు కళ్ళజోడు తుడుచుకుని, "నియమం నియమమేనమ్మా, కథ మధ్యలో కలపడానికి వీల్లేదు, మళ్ళీ శుభ్రంగా చదివి పెట్టండి" అన్నారు. అని ఆగి, "కానీ అధ్యాయం అయిపోయాక, విడిగా, ఓ పది నిమిషాలు ఆవిడే తన అభిప్రాయం చెప్తే ఏ నియమమూ అడ్డు రాదు" అన్నారు! ఏడో భాగం వచ్చే నెల వస్తోంది. నేను కథ చదవాలి, నువ్వు అభిప్రాయం చెప్పాలి. అందరికీ చెప్పేశారు కూడా. నీ ఆరు వారాలు అప్పటికి ఎప్పుడో అయిపోతాయి. వచ్చెయ్ వదినా, ఇద్దరం కలిసి ఆ గదిలో కూర్చుందాం, నాకైతే ఇప్పటినుంచే కాళ్ళు నేల మీద నిలవడం లేదు!

ఆరో భాగం చివర ఆ పిల్ల చెయ్యీ పట్టుకోదు, వెనక్కీ పోదు. తొంభై తొమ్మిదో మెట్టు మీద చతికిలబడి కూర్చుంటుంది. అది చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను తెలుసా?

నీ
ఆడపడుచు

.

పంపుహౌస్ క్వార్టర్స్
మాట్లాడని యాభై ఎనిమిదో రోజు

చిరంజీవి ఆడపడుచుకు,

నువ్వు వరసగా రాసిన ఉత్తరాలు మూడూ అందాయి. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అంతా క్షేమం. మీ అన్నయ్యకి డ్యూటీ మారింది.

డాక్టరుగారు ఇంకొన్నాళ్ళు మాట్లాడొద్దన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేం. కాబట్టి అభిప్రాయాల కార్యక్రమం పెట్టుకోవద్దని లైబ్రేరియన్ గారితో చెప్పు. ఏడో భాగం కూడా నువ్వే చదువు. చక్కగా చదువుతున్నావని అందరూ అంటున్నారు కదా, నాకంతే చాలు. పెన్సిల్ రాతలు ఇకముందు ఉండవు. ఈమధ్య ఆ పుస్తకాల మీద అంత ధ్యాస ఉండటం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

వదిన

.

దంతాల ల్యాబు
బుధవారం

వదినా,

"చిరంజీవి ఆడపడుచు" ఎవరు? నాకు తెలిసిన వదిన నన్ను పిచ్చుకా అంటుంది, ఓసి నీ అంటుంది.

ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. నువ్వు యాభై ఎనిమిది వేశావు. అన్నయ్యకి ఫోన్ చేశాను. "డాక్టరు ఏమన్నాడ్రా?" అంటే, పంపు మోటారు గురించి పావుగంట చెప్పాడు. అన్నయ్యకి అబద్ధం చెప్పడం రాదు, మోటార్ల గురించి చెప్పడం వచ్చు. నాకు అర్థమైంది. నువ్వు నోరు విప్పావు. వచ్చిన గొంతు నీకు నచ్చలేదు. అందుకని పలక తీయకుండా తిరుగుతున్నావు. అవునా?

కాదంటే కాదని రాయి, క్షమించమని అడుగుతాను. అవునంటే ఏం రాయకు.

నాకు చాలా కోపంగా ఉంది వదినా, ఏడుపు కూడా వస్తోంది. నీ గొంతు గురించి నాకేం మాటలు దొరకడం లేదు. పళ్ళైతే కొత్తవి చేసి ఇచ్చేదాన్ని, గొంతు చేయడం రాదు. నీ రికార్డింగులు అన్నీ విన్నాను ఈ వారం, మొదటి భాగం నుంచి. నిజంగా ఎంత బాగుండేదో! బాగుండేదని చెప్పకుండా ఎలా ఉంటాను? కానీ నూట యాభై మంది అడుగుతున్నది నువ్వేమనుకుంటున్నావని కదా. నేను చదివితే వాళ్ళకి కథ వస్తుంది. నీ కోపం నా దగ్గర లేదు. ప్రయత్నించాను, అద్దం ముందు నిలబడి సేనాధిపతిని తిట్టాను, నాకే నవ్వొచ్చింది.

కార్యక్రమం వద్దని నేను లైబ్రేరియన్ గారికి చెప్పలేదు. ఇంకో పని చేశాను, అదేమిటో కూడా చెప్పను. తరవాత తిట్టుకో.

నీ
పిచ్చుక

.

పంపుహౌస్ క్వార్టర్స్, వెనక వరండా
ఆదివారం

ఏమే పిచ్చుకా,

అడ్రసు ఇస్తావా? ఎవరినడిగి ఇచ్చావు? చూపు లేని మనిషిని మూడు గంటలు బస్సులో ప్రయాణం చేయిస్తావా? నిన్ను తిట్టడానికి పావు దస్తా కాగితం తెప్పించాను, కానీ ముందు జరిగింది చెప్పకపోతే నా ప్రాణం ఆగేట్టు లేదు.

నువ్వనుకున్నది నిజమే. నలభై మూడో రోజు డాక్టరుగారు "ఏదన్నా అనండి" అన్నారు. నా పేరు చెప్పాను. తడిసి ఉబ్బిన తలుపు తోసినట్టు వచ్చింది. మధ్యలో సగం అక్షరాలు గాలైపోయాయి. "ఇంకొంచెం మెరుగవుతుంది గానీ మునుపటిలా రాదమ్మా" అన్నారు. పలక తీసి పక్కన పెట్టినవాళ్ళు మళ్ళీ మెడలో వేసుకోవడం నువ్వెప్పుడన్నా చూశావా? నేను వేసుకున్నాను. మీ అన్నయ్యతో కూడా రాతే. రోజూ మధ్యాహ్నం పంపులు పెద్దగా మోగుతుంటే, ఎవరికీ వినపడదు కదా అని, నా పాత రికార్డింగులు పెట్టుకుని వినేదాన్ని. అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదే. సరే.

ఇవాళ పదకొండింటికి మీ అన్నయ్య గేటు దగ్గర్నుంచి ఒకావిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చేతికర్ర, భుజాన సంచి. "నీకోసమే" అని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, దొంగచూపు ఒకటి చూసి డ్యూటీకి పారిపోయాడు. అంటే ఈ కుట్రలో అతనూ ఉన్నాడు.

ఆవిడ, "అమ్మా, నేను ఆసుపత్రి టెలిఫోన్ ఆపరేటర్‌నండీ, మీ శ్రోతని" అంది. అలవాటుకొద్దీ పలక తీసుకుని "నమస్కారం, డాక్టరు మాట్లాడొద్దన్నారు" అని రాసి, ఆవిడ మొహం ముందు పెట్టాను. పెట్టాక తెలిసింది నేనేం చేస్తున్నానో! ఆవిడ తల కాస్త వంచి విని, "సుద్దముక్క చప్పుడు. రాస్తున్నారా? నాకు రాసి ఏం లాభమండీ" అని పకపకా నవ్వింది. ఇంట్లో ఇంకెవరూ లేరు, చదివి వినిపించడానికి. నేను, పలక, ఆవిడ. ఏం చేయను? నీళ్ళు తెచ్చి చేతికిచ్చాను. తాగింది. వెళ్ళిపోతుందిలే అనుకున్నాను.

వెళ్ళలేదు. "పోనీండి, మీరు వినండి, నేను మాట్లాడతాను. పదకొండేళ్ళు మీరు మాట్లాడారు, నేను విన్నాను, ఇప్పుడు నా వంతు" అంది. మొదలుపెట్టింది చూడు! తోడేలు చొక్కాల గురించి నేనన్నది నువ్వు చెప్పావటగా, నాతో ఒప్పుకుంది. నల్లగొడుగు దొరల్లో మూడో దొరే మంచివాడంది, దానికీ తల ఊపాను, ఆవిడకి కనపడదని కూడా మర్చిపోయి. అంతా బాగానే ఉంది. అప్పుడు సేనాధిపతి దగ్గరికొచ్చింది.

"మీరాయన్ని అన్యాయంగా తిట్టారండీ. ఆయన దిగకూడదు. ఆ పిల్లే ఎక్కాలి. దిగితే ఆయనలో ఏం మిగులుతుంది చెప్పండి? ఆ అందం పోతుంది, ఆ ఠీవి పోతుంది. అంత గొప్ప గొంతు, అదీ పోతుంది. అలా అయిపోయిన మనిషిని ఆ పిల్ల ఏం చేసుకుంటుంది?" అంది.

పలక పట్టుకుని కూర్చున్నాను. పెదవి కొరుక్కున్నాను. ఆవిడ, "చెప్పండి, ఉన్నమాట కాదా?" అంది. ఇంక ఆగలేకపోయానే!

"పోతే పోనీండి! మనిషి మిగులుతాడు కదా!" అని అరిచాను.

ఆ గొంతుతోనే. సగం గాలి, సగం గీరుడు. వరండా అంతా వినపడింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నేనేమన్నానో అప్పుడు నా చెవికి సరిగ్గా ఎక్కింది.

ఆవిడ, "ఇదా మీ గొంతు?" అంది.

"ఇదే. ఇంక ఇంతే" అన్నాను.

"ఓహో" అంది. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. "సరే, మిగులుతాడన్నారు. ఎలా మిగులుతాడు? విడమరిచి చెప్పండి" అంది.

ఇంక చూస్కో! రెండున్నర గంటలు. మధ్యలో నా గొంతు ఆగిపోతే ఆవిడే గ్లాసు వెతికి చేతికిచ్చి, "తాగండి, తాగి చెప్పండి, వదలను" అంది. ఆవిడ నాలుగో భాగంలోంచి ఒక మాట తీసి నా మీదికి విసిరితే, నేను మొదటి భాగంలోంచి రెండు తీశాను. గడియారాల పిల్లకి ప్రేమ కంటే జాలి ఎక్కువంది! నాకు ఒళ్ళు మండిపోయింది, బల్ల గుద్దాను. మీ అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. నేను మాట్లాడుతుంటే చూస్తున్నాడు. లోపలికెళ్ళి మొహం కడుక్కుని చాలాసేపటికి గాని రాలేదు.

సాయంత్రం బస్సు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఎక్కే ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని అడిగాను, "నిజం చెప్పండి, ఈ గొంతు వింటే జనం ఏమంటారు?"

ఆవిడ ఏమందో తెలుసా? "మీ గొంతు అస్సలు బాగాలేదండీ, అబద్ధం ఎందుకు? మునుపటిది ఎంత ఇష్టమో నాకు. ఇంటికెళ్ళి తలుచుకుని ఏడుస్తాను కూడా. కానీ సేనాధిపతి విషయంలో మీరు చెప్పింది మాత్రం పూర్తిగా తప్పు, నేను ఒప్పుకోను. శనివారం మొదటి ఫోన్ నాదే, కాసుకోండి" అంది. అని బస్సెక్కేసింది.

ఈ రెండు నెలలూ అందరూ నా గొంతు గురించే మాట్లాడారు పిచ్చుకా. డాక్టరు, నర్సు, మీ అన్నయ్య, ఆఖరికి నువ్వు కూడా. నేను చెప్పింది తప్పని ఒక్కరూ అనలేదు. బస్సు వెళ్ళిపోయాక ఆ స్టాండులో ఒక్కదాన్నే నిలబడి, ఆవిడకి చెప్పాల్సిన జవాబు పైకే, గట్టిగా చెప్పుకుంటూ ఇంటిదాకా నడిచాను. దారిలో ఇద్దరు ఆగి చూశారు. చూడనీ.

గురువారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. ఏడో భాగం నేను రాకముందు ఒక్క పేజీ కూడా తెరవకు, తెరిచావంటే నీ పళ్ళు నువ్వే కట్టుకోవాల్సొస్తుంది. లైబ్రేరియన్ గారితో చెప్పు, పది నిమిషాలు నాకు చాలవని.

నీ
వదిన